కార్పెట్ కింది ఓక్ నేల: రుద్దడం నుంచి ఆఖరి కోటు దాకా

"బావా, కార్పెట్ మూల లేపి చూశాను. కింద చెక్క ఉంది. మెషిన్ అద్దెకు తెచ్చి మనమే రుద్దేద్దామా?"

న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్న మనవాళ్ల నుంచి ఏడాదికి ఒకటి రెండు సార్లయినా నాకు ఇలాంటి ఫోన్ వస్తుంది. పాత పూత పోయేలా మెషిన్‌తో రుద్ది కొత్త పూత వేసే ఈ పని మా ఇంట్లో నేనే చేసుకున్నానని వాళ్లకు తెలుసు. హాలు మధ్యలో ఒక గుంట కూడా తవ్వానని అందరికీ తెలియదు, దాని మీద తివాచీ వేశాం. ఫోన్లో ప్రతిసారీ చెప్పేదంతా ఈసారి రాసి పెడుతున్నాను.

ముందు మీ కాళ్ల కింద ఏముందో తెలియాలి. 1950, 60ల్లో కట్టిన ఇళ్లలో తరచూ కనిపించేది రెడ్ ఓక్ అనే గట్టి చెక్క. పట్టీ వెడల్పు 2¼ అంగుళాలు, మందం ¾ అంగుళం. ఒక పట్టీకి అంచున నాలుక, పక్కదానికి గాడి, నాలుక గాడిలో దూరి రెండూ కలుస్తాయి. మేకులు నాలుక దగ్గర ఏటవాలుగా దిగుతాయి కనుక పైకి కనిపించవు. మనం రుద్దగలిగేది ఆ నాలుకకు పైన ఉన్న చెక్కనే. కొత్తలో అది పావు అంగుళానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒకసారి పూర్తిగా రుద్దితే అందులో అంగుళానికి 32వ వంతు దాకా పోతుంది, చేయి తిరగనివాళ్లం కాబట్టి మనకు ఇంకాస్త ఎక్కువే పోతుంది. అలా పలచబడుతూ పోతే ఒకరోజు గాడి పైపెదవి పేళ్లుగా లేస్తుంది, మేకుల తలలు బయటపడతాయి. ఆ నేలకు ఇక మందు లేదు. పట్టీలు మార్చుకోవాల్సిందే.

రుద్దాలా, వద్దా

వేడిగాలి వచ్చే జాలీని నేల మీంచి ఊడదీయండి. ఆ కన్నం అంచున చెక్క అడ్డకోత కనిపిస్తుంది. నాలుక పైన ఎంత మిగిలిందో స్కేలు పెట్టి కొలవండి. ఎనిమిదో వంతు అంగుళం కన్నా తక్కువుంటే డ్రమ్ మెషిన్ (నేలను రుద్దే పెద్ద మెషిన్) ఆలోచన మానేసి, పనివాళ్లను పిలిచి చూపించండి. అక్కడ ప్లైవుడ్‌లా పొరలు కనిపిస్తే అది ఇంజినీర్డ్ చెక్క. దాని పైపొర రెండు మిల్లీమీటర్లే అయితే డ్రమ్ ముట్టించకూడదు. చెక్క బొమ్మ అచ్చువేసిన లామినేట్ అయితే రుద్దడమన్న మాటే లేదు.

చెక్క మంచిదైనా ప్రతి నేలనూ గీకేయక్కర్లేదు. నాలుగు చోట్ల నీటి చుక్కలు వేయండి. ముత్యాల్లా నిలబడితే పైపూత ఇంకా బతికే ఉంది. అలాంటి నేలకు పైపైన సన్నగా గరుకు చేసి మరో కోటు వేస్తే చాలు, ఒక్కరోజు పని. చుక్కలు ఇంకిపోయి చెక్క నల్లబడుతుంటే పూత పోయినట్టే, మెషిన్ తేవాల్సిందే. ఇక్కడో మెలిక ఉంది. ఏళ్ల తరబడి మైనం పెట్టిన నేల మీద కొత్త కోటు అతుక్కోదు. గోటితో గీకితే మెత్తగా, బూడిదరంగుగా వస్తే అది మైనం. అప్పుడు కూడా పూర్తిగా రుద్దడమే దారి.

ఇల్లు ఇంకా పాతదైతే, గది మూలలో డీనేచర్డ్ ఆల్కహాల్ (తాగడానికి పనికిరాని స్పిరిట్) చుక్క వేసి నిమిషం ఆగండి. పూత జిగురుజిగురుగా కరిగితే అది షెల్లాక్, అంటే మన లక్కే. పాలీయురెథేన్ (పొట్టిగా పాలీ, ఇప్పుడు నేలలకు వేసే గట్టి పైపూత) రాకముందు అమెరికా ఇళ్ల నేలలకు వేసిన ఈ పూతలోని లక్క ఎక్కువగా మన దేశంలోని అడవుల నుంచే వచ్చేది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చేదీ, లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ అదే. లక్క వేడికి కరుగుతుంది కాబట్టి సాండ్‌పేపర్ నిమిషాల్లో బంకపట్టి మూసుకుపోతుంది. అలాంటి నేలకు మొదటి విడత కాగితాలు రెట్టింపు కొనుక్కోవాలి.

రెండు చోట్ల మాత్రం చేయి పెట్టకండి. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందు కట్టిన ఇంట్లో నేలకు రంగు గానీ పాత వార్నిష్ గానీ ఉంటే సీసం పరీక్ష చేయించకుండా రుద్దొద్దు. సీసం ధూళి పిల్లల మెదడుకు విషం. అలాగే కార్పెట్ కింద తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు కనిపిస్తే అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం బలంగా ఉంది. వాటిని పీకడం, గీకడం, రుద్దడం ఏదీ చేయకుండా ముక్కను ల్యాబ్‌కి పంపించే ఏర్పాటు చూడండి.

గది ఖాళీ చేశాక

కార్పెట్ తీశాక మిగిలేవి పిన్నులు. వందల్లో ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ పటకారుతో లాగాలి. విసుగు పుడుతుంది, కానీ ఒక్క పిన్ను మిగిలినా డ్రమ్ మీది కాగితం నిలువునా చిరుగుతుంది, పైగా నిప్పురవ్వ లేస్తుంది. పైకి కనిపించే మేకుల తలలను నెయిల్ సెట్‌తో (మేకు తల మీద పెట్టి సుత్తితో కొట్టే చిన్న ఇనుప కడ్డీ) ఎనిమిదో వంతు అంగుళం లోపలికి దించండి. కిర్రుమనే పట్టీలను ఇప్పుడే బిగించుకోండి.

తలుపులకు ప్లాస్టిక్ షీట్లు, గాలి జాలీలకు టేపు వేయండి. హీటరు, ఏసీ ఆపేయండి. పొగ అలారాలకు కవరు కట్టండి, రోజూ పని ముగియగానే తీసేయండి. గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు అంచున సన్నటి గుండ్రపు బద్ద ఉంటే ఊడదీసి, ఏది ఏ గోడదో వెనక పెన్సిల్‌తో రాసుకోండి.

అద్దె దుకాణంలో అడగాల్సినవి మూడు: డ్రమ్ సాండర్, అంచులకు ఎడ్జర్, చివరికి బఫర్. మెషిన్ ఏ వోల్టేజీదో, ఎన్ని ఆంపియర్లు కావాలో అడిగి, దానికి సరిపోయే మందపాటి ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చుకోండి. సన్నటి తీగ వేడెక్కుతుంది, మోటారు నీరసపడుతుంది. చెవులకు మూతలు, ఎన్95 మాస్కు ఎలాగూ కావాలి. కాగితాలు అనుకున్నదాని కన్నా ఎక్కువ తీసుకోండి, వాడనివి వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడగండి. అరిగిన కాగితంతో ఇంకో గది లాగుదామనే పిసినారితనమే చాలా నేలలను పాడు చేసింది. అరిగిన కాగితం కోయదు, చెక్కను వేడెక్కించి నున్నగా తోమి వదిలేస్తుంది.

డ్రమ్ మెషిన్

అసలు విద్య ఇక్కడే ఉంది. ఆ గుంట నేను తవ్వింది కూడా ఇక్కడే.

డ్రమ్ సాండర్ చూడటానికి పచ్చిక కోసే మెషిన్‌లా ఉంటుంది. లోపల ఎనిమిది అంగుళాల వెడల్పు డ్రమ్ గిరగిరా తిరుగుతుంటుంది. అది నేలకు తగిలి ఒకే చోట ఒక్క సెకను ఆగినా అడ్డంగా ఒక గాడి పడుతుంది. అందుకే దానికి ఒక లివర్ ఉంటుంది: డ్రమ్‌ను దించడానికి, లేపడానికి. సూత్రం చిన్నదే. కదులుతూ ఉండగానే దించాలి, కదులుతూ ఉండగానే లేపాలి. విమానం దిగినట్టు, ఎగిరినట్టు. నేను గది మధ్యలో ఉండగా జేబులో ఫోన్ మోగింది. ఆగాను, లివర్ లేపలేదు. అంతే.

ముందుగా మెషిన్ ఆపి ఉంచి, డ్రమ్ లేపి, గదిలో అటూ ఇటూ నడిపి చేతికి అలవాటు చేసుకోండి. తర్వాత మోటారు వేసి, నడక మొదలుపెట్టి, రెండో అడుగులో మెల్లగా దించండి. నడక ఒకే వేగంతో సాగాలి, గుడి ప్రదక్షిణ వేగం అనుకోండి. అవతలి కొసకు చేరుతుండగా లేపండి. అదే దారిలో వెనక్కి నడుస్తూ మళ్లీ దించి తీసుకురండి. తర్వాత సగం డ్రమ్ వెడల్పు పక్కకు జరిగి, మళ్లీ ముందుకు, వెనక్కు. తీగ ఎప్పుడూ భుజం మీద ఉండాలి, నేల మీద ఉంటే డ్రమ్ దాన్ని మింగేస్తుంది.

గది మొత్తాన్ని ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా ఒకే ఊపులో లాగలేం, వెనక మనం నిలబడే చోటు మిగిలిపోతుంది. అందుకని గదిలో మూడింట రెండు వంతులు ఒక వైపు తిరిగి రుద్దండి, మిగతా వంతు వెనక్కి తిరిగి రుద్దండి. రెండూ కలిసే చోట రెండడుగుల మేర ఒకదాని మీద ఒకటి రావాలి. ప్రతి నడకకూ దించే చోటు కాస్త ముందువెనకలుగా మార్చండి. అన్నీ ఒకే గీత మీద దిగితే అక్కడ అడ్డపట్టీ కనిపిస్తుంది.

దిశ ఎప్పుడూ పట్టీల పొడవునే. పట్టీలు అంచుల్లో లేచి దోనెల్లా వంగి ఉంటేనే మొదటి విడత కాస్త ఏటవాలుగా, 10 నుంచి 15 డిగ్రీలు తిప్పి రుద్దుతారు. తర్వాతవన్నీ మళ్లీ పొడవుగానే.

ఇక కాగితం నంబర్లు. మన ఊళ్లో పెయింటర్లు ఉప్పు కాగితాన్ని ఎనభై నంబరు, నూట ఇరవై నంబరు అని అడిగి తీసుకుంటారే, అదే లెక్క ఇక్కడా. నంబరు చిన్నదయ్యేకొద్దీ గరుకు ఎక్కువ. పాత పూత దళసరిగా ఉంటే 36తో మొదలుపెట్టండి. పూత పలచగా ఉంటే ఒక మూల 60 వేసి చూడండి, అది పనిచేస్తే 36 అక్కర్లేదు, చెక్క మిగులుతుంది. 36, తర్వాత 60, తర్వాత 100. మధ్యలో మెట్టు దాటొద్దు. 36 చేసిన గీతలను 60 తుడవాలి, 60 గీతలను 100 తుడవాలి. 36 నుంచి నేరుగా 100కి దూకితే లోతు గీతలు అలాగే ఉంటాయి, పైన నున్నగా తగులుతుంది కాబట్టి చేతికి తెలియదు. రంగో పాలీయో పడగానే దున్నిన పొలంలా లేచి కనిపిస్తాయి. ప్రతి నంబరు ముందూ నేల మీద పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీయండి. గీత ఎక్కడ మిగిలితే అక్కడ కాగితం తగలనట్టు. నంబరు మారిన ప్రతిసారీ వాక్యూమ్ చేయండి. ముందరి కాగితం నుంచి రాలిన ఒక్క గరుకు రేణువు చాలు, కొత్త గీతలు పెట్టడానికి.

అంచులు, మూలలు

గోడ పక్కన డ్రమ్ వెళ్లని చోట ఎడ్జర్ వాడాలి. ఏడు అంగుళాల గుండ్రటి పళ్లెం నేల మీద తిరుగుతుంది, మీరు దాని మీద వంగి ఉంటారు. మరుసటి రోజు నడుము సంగతి మీకే తెలుస్తుంది. నొక్కకండి, మెషిన్ బరువు చాలు. గోడ వెంట చిన్న చిన్న అర్ధచంద్రాల్లా తిప్పుతూ, డ్రమ్ రుద్దిన మేర మీదికి నాలుగైదు అంగుళాలు వచ్చేలా కలపండి. డ్రమ్‌తో 36 వేశాక ఎడ్జర్‌తో 36, డ్రమ్‌తో 60 వేశాక దీనితో 60, అలా జతగా సాగాలి. అంచులు చివర్లో చూద్దాంలే అనుకుంటే గది మధ్య ఒక రంగు, చుట్టూ ఒక రంగు తేలుతుంది.

మూలల్లోకి ఎడ్జర్ కూడా పోదు. అక్కడ పదునైన స్క్రేపర్‌తో చిత్రిక పట్టినట్టు మీ వైపు లాగుతూ గీకి, చేత్తో కాగితం వేయాలి. మొండి బ్లేడుతో గీకితే చెక్క చిరుగుతుంది, మధ్యమధ్య ఆకురాయితో పదును పెట్టుకోండి.

పూత పోయాక నల్లటి మరకలు బయటపడొచ్చు. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. దానికి నీరూ ఇనుమూ తోడైతే నలుపు పుడుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టిన బట్ట మీద, ఇనుప తుక్కూ బెల్లమూ ఊరిన నీళ్లతో గీసిన గీత నల్లగా తేలేది ఈ కారణం చేతనే. ఆక్సాలిక్ ఆసిడ్ గోరువెచ్చటి నీటిలో కలిపి పూస్తే ఇలాంటి మరకలు చాలావరకు తగ్గుతాయి. గ్లవ్స్ వేసుకోండి, తర్వాత నీటితో రెండు మూడుసార్లు బాగా తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ రుద్దండి, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కుక్కల మూత్రం ఏళ్ల తరబడి ఇంకిన చోట మాత్రం ఏ మందూ పనిచేయదు. ఆ పట్టీలు కోసి తీసి కొత్తవి వేయడమే.

లప్పం, బఫర్

మేకుల కన్నాలు, పగుళ్లు నింపడానికి ఓక్ రంగు లప్పం దొరుకుతుంది. 60 విడత అయ్యాక పట్టించండి, 100 విడతలో ఎక్కువైంది పోతుంది. పట్టీల మధ్య సందులు నింపాలా అంటే, అది కాలాన్ని బట్టి. చలికాలంలో హీటర్ల వల్ల గాలి పొడిబారి చెక్క ముడుచుకుంటుంది, సందులు తెరుచుకుంటాయి. వేసవి తేమకు మళ్లీ మూసుకుంటాయి. జనవరిలో సందు నింపితే జూలైలో పట్టీలు ఆ లప్పాన్ని పైకి కక్కేస్తాయి. వేసవిలో కూడా మిగిలే సందులనే నింపండి. ఇంట్లో తేమ ఏడాదంతా 30 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

చివరగా బఫర్ కింద 100 లేదా 120 నంబరు జల్లెడ లాంటి స్క్రీన్ పెట్టి గదంతా తిప్పండి. డ్రమ్ గీతలకూ ఎడ్జర్ సుడులకూ మధ్య తేడా చెరిపేసేది ఇదే. బఫర్ హ్యాండిల్ కాస్త పైకెత్తితే ఒక పక్కకు, దించితే ఇంకో పక్కకు జారుతుంది. మొదటి పది నిమిషాలు అది మిమ్మల్నే గది చుట్టూ లాక్కుపోతుంది, కంగారుపడకండి. పని అయ్యాక సాయంత్రం దీపాలార్పేసి, టార్చ్ నేలకు ఆనించి పక్కవాటుగా వెలుగు వేసి చూడండి. పైనుంచి చూస్తే కనబడని గీతలన్నీ దొరుకుతాయి. దొరికినవి ఇప్పుడే సరిచేయండి.

రంగు కావాలా

నా మటుకు రెడ్ ఓక్‌కి రంగు అక్కర్లేదు, దాని తేనెరంగు దానికుంది. ముదురు టేకు రంగే కావాలనుకుంటే, ముందు తడిగుడ్డతో నేలంతా సమంగా తడిపి ఆరనివ్వండి. చెక్క రంధ్రాలు విచ్చుకుని రంగును ఒకేలా తాగుతాయి. ఆ తర్వాత అడుగు పెట్టేటప్పుడు జాగ్రత్త, ప్రతి గుర్తూ పడుతుంది. ఇద్దరుండాలి: ఒకరు పూయడానికి, ఒకరు వెనకే ఎక్కువైంది తుడవడానికి. మేపుల్ నేల అయితే రంగు జోలికి పోకండి, మచ్చలుమచ్చలుగా తాగుతుంది.

పూత

దుకాణాల్లో దొరికేవి ముఖ్యంగా రెండు. నూనె ఆధారిత పాలీ పసుపు ఛాయతో వెచ్చగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. కోటుకూ కోటుకూ మధ్య 8 నుంచి 24 గంటలు ఆగాలి, వాసన ఘాటు, ఆ రోజుల్లో ఇంట్లో పడుకోలేం. నీటి ఆధారిత పాలీ పాలలా తెల్లగా పోసినా ఆరాక అద్దంలా పారదర్శకం. రెండు మూడు గంటల్లో ఆరుతుంది, వాసన తక్కువ, ధర ఎక్కువ. పిల్లలున్న ఇంటికి నేను రెండోదే చెబుతాను. నూనెదైతే మూడు కోట్లు, నీటిదైతే మూడు లేక నాలుగు. గ్యాలన్ డబ్బా ఒక కోటుకు 400 నుంచి 500 చదరపు అడుగులు వస్తుంది. లెక్క కట్టి, ఒకటి అదనంగా కొనండి.

పూత వేసే ముందు రాత్రి నేలంతా వాక్యూమ్ చేసి, పొద్దున మళ్లీ చేయండి. గాల్లో తేలే ధూళి రాత్రంతా దిగుతుంది. కొద్దిగా తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఇంటి చెప్పులు కాదు, ఉతికిన సాక్సులు. డబ్బా కుదపకండి, బుడగలు పుడతాయి. కర్రతో మెల్లగా కలపండి. అంచులు బ్రష్‌తో వేసి, లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి తలుపు వైపు వస్తూ, పట్టీల పొడవునే అప్లికేటర్ (పూత పరిచే, పొడవు కర్ర ఉన్న మెత్త) లాగండి. ముందరి వరస తడిగా ఉండగానే పక్క వరస కలవాలి. ఆరిపోయిన చోటుకు వెనక్కి వెళ్లి దిద్దుదామని చూడకండి, గీత పడుతుంది. ఫ్యాను నేల మీదికి తిప్పకండి.

కోటుల మధ్య 180 లేదా 220 నంబరుతో తేలిగ్గా రుద్ది, ధూళి తీసి, తర్వాతది వేయాలి. నీటి పాలీ వేస్తున్నప్పుడు స్టీల్ ఊల్ వాడొద్దు. దాని ఇనుప నూగు చెక్కలో చిక్కుకుంటే, పైన చెప్పిన కరక్కాయ కథ మళ్లీ నల్లచుక్కలుగా మొదలవుతుంది.

మంట

దీన్ని చివర్లో రాస్తున్నా ముందే చదవాల్సింది. నూనె రంగు, నూనె పాలీ తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే ఆరుతూ వేడి పుట్టించి, ఏ అగ్గీ లేకుండానే వాటంతటవే అంటుకుంటాయి. వాడిన వెంటనే నీళ్లు నింపిన మూతున్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టండి. డ్రమ్ మెషిన్ సంచిలో పడిన పొట్టు కూడా అంతే, పాత వార్నిష్ కలిసి ఉంటుంది కాబట్టి గంటల తర్వాత రాజుకోవచ్చు. సంచి సగం నిండగానే, పని ఆపిన ప్రతిసారీ, ఇంటికి దూరంగా ఖాళీ చేయండి. గ్యారేజీలో రాత్రి వదలొద్దు. నూనె పాలీ వేసే రోజుల్లో గ్యాస్ వాటర్ హీటర్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఆర్పేయాలి, స్టవ్ వెలిగించకూడదు. దేవుడి దగ్గర దీపం కూడా. మా అత్తయ్య ఈ మాటకు నొచ్చుకున్నారు, మూడు రోజులు పూలతో సరిపెట్టారు.

ఆ తర్వాత

ఒక రోజుకు సాక్సులతో నడవొచ్చు. సామాను రెండు మూడు రోజులయ్యాక, ఈడ్చకుండా ఎత్తి పెట్టండి, కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించి. తివాచీలకు తొందరపడొద్దు. నీటి పాలీ పూర్తిగా గట్టిపడటానికి వారం నుంచి రెండు వారాలు, నూనెదానికి నెల దాకా పడుతుంది. ఈలోగా కప్పితే ఆ మేర రంగు తేడా తేలుతుంది.

మన ఇళ్లలో నేలకు వచ్చే కష్టాలు వేరు. టేకు కన్నా రెడ్ ఓక్ గట్టిదే. చెక్క గట్టితనాన్ని చెప్పే జాంకా కొలతలో రెడ్ ఓక్ 1,290 ఉంటే, టేకు 1,000 నుంచి 1,150 మధ్య. అయినా పచ్చడిబండ జారితే గుంట ఖాయం. వెట్ గ్రైండర్ కింద చెక్కపలకో రబ్బరు మ్యాటో వేయండి. దీపారాధన చోట పళ్లెం పెట్టండి. పసుపు ఒలికితే వెంటనే తుడిచి, మరక మిగిలితే ఎండ పడనివ్వండి, పసుపు రంగు వెలుగుకు వెలిసిపోతుంది. బకెట్‌తో నీళ్లు పోసి కడగడం, ఫినాయిల్ వేయడం, స్టీమ్ మాప్ మూడూ నిషిద్ధం. పిండిన గుడ్డ చాలు.

ఇంకొక్క పని. అల్మరా లోపలి గోడ మీద పెన్సిల్‌తో తేదీ, పాలీ పేరు, ఎన్ని కోట్లు వేశారు, నాలుక పైన ఎంత చెక్క మిగిలింది రాసి పెట్టండి. మా గోడ మీద మిగిలిన మందం పక్కనే ఆ గుంట లోతు కూడా రాశాను.